పంటు గేమ్ చేయాలంటే మోడింగ్ సరిపోతుందా, గేమ్ ఇంజిన్ నేర్చుకోవాలా?

వైనతేయ_గట్టు (రాజోలు)

అందరికీ నమస్కారం. డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా గేమ్‌లో మన ఆర్టీసీ బస్సులకు లివరీలు (బస్సు ఒంటి మీది రంగులు, రాతలు) గీస్తుంటాను. పల్లె వెలుగు బస్సు ముందు ‘రాజోలు – అమలాపురం’ అని తెలుగు బోర్డు కనబడేసరికి మా కాలేజీలో చాలామంది దాన్ని ఫోన్లలో వేసుకున్నారు.

ఇప్పుడు నా ఆశ వేరు. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి గోదావరి పాయ వశిష్ఠ మీద నడిచే పంటును (బండ్లను, మనుషులను ఏరు దాటించే బల్లకట్టును) గేమ్‌గా చేయాలి. బైకులు, ఆటోలు, కార్లు, మనుషులు ఎక్కుతారు. బరువు ఒక పక్కకు ఒరగకుండా సర్దాలి. ప్రవాహాన్ని చూసుకుంటూ అవతలి రేవుకు చేర్చాలి. దీన్ని మోడ్‌గా, అంటే ఉన్న గేమ్‌లోనే మార్పులు చేసి, చేసేయవచ్చని ఒక స్నేహితుడు అంటున్నాడు. మోడ్‌తో అయ్యే పని కాదు, యూనిటీ గానీ గోడాట్ గానీ, అంటే గేమ్‌లు తయారుచేసే ఇంజిన్ ఒకటి, నేర్చుకోవాలని ఇంకొకరు అంటున్నారు. అసలు రెండింటికీ తేడా ఎక్కడుందో ఎవరైనా విడమరచి చెప్పండి. మోడ్‌లో కూడా బొమ్మలు నేనే గీస్తున్నాను కదా, అది గేమ్ తయారీ కాదా?

కాకినాడ_కాజా

తమ్ముడూ, ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పు. నీ గేమ్‌లో ఆడేవాడు ఓడిపోయేది ఎప్పుడు?

బరువు సర్దకపోతే పంటు ఒరుగుతుందన్నావు. ఎంత ఒరిగితే ఓటమి? ప్రవాహం తోస్తే రేవు తప్పుతుంది. ఎంత బలంగా తోస్తుంది? నీ గేమ్ అంటే ఇవే. బొమ్మలు తర్వాతి సంగతి. ఈ లెక్కలు రాసుకోవడానికి నీకు చోటు ఎక్కడ దొరుకుతుందో చూడు. నువ్వు లివరీలు గీసే గేమ్‌లో స్టీరింగ్ తిప్పితే బస్సు ఎంత తిరగాలి, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగాలి అన్నవి ముందే ఎవరో రాసి బిగించేశారు. నువ్వు పైన రంగు వేస్తున్నావు. అది చిన్న పనని అనను, కానీ ఆ లెక్కల్లో ఒక్క అంకె కూడా నీ చేతిలో లేదు.

ఇంజిన్ తెరిస్తే ఖాళీ తెర ఉంటుంది. బొమ్మను గీసే ఏర్పాటు, రెండు వస్తువులు తగిలాయని చెప్పే ఏర్పాటు, శబ్దం వినిపించే ఏర్పాటు, వేలితో తాకితే గుర్తించే ఏర్పాటు ఉంటాయి. బస్సు ఉండదు, రోడ్డు ఉండదు, గెలుపోటములు ఉండవు. అవన్నీ నువ్వే పెట్టాలి.

భీమవరం_పాతకాపు

నేను ఒకప్పుడు భీమవరంలో నెట్ సెంటర్ నడిపాను. ఈ తేడా నాకు బాగా అర్థమైంది క్రికెట్ 07తోనే.

ఆ గేమ్ 2006 చివర్లో వచ్చింది. ఐపీఎల్ మొదలైంది 2008లో. అయినా మా సెంటర్‌కు వచ్చే పిల్లలు అందులో ఐపీఎల్ ఆడేవారు! ఎక్కడెక్కడి కుర్రాళ్లో కూర్చుని జట్ల పేర్లు మార్చారు, చొక్కాల రంగులు మార్చారు, ఆటగాళ్ల ముఖాలు అతికించారు, బ్యాట్ల మీద స్టిక్కర్లు వేశారు, మైదానాలు మార్చారు. ప్రతి సీజన్‌కూ కొత్త ప్యాచ్ (మార్చిన ఫైళ్ల మూట) వచ్చేది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఫైళ్లలో బొమ్మలు, రోస్టర్ ఫైలులో ఆటగాళ్ల వివరాలు ఉండేవి. పాత ఫైలు దాచిపెట్టుకుని కొత్తది ఆ ఫోల్డర్‌లో వేస్తే సరిపోయేది. తయారుచేసిన సంస్థ ఆ తర్వాత కంప్యూటర్ కోసం మరో క్రికెట్ గేమ్ తేలేదు. అయినా ఆ ఒక్క గేమ్ ఇన్నేళ్లు బతికిందంటే అదంతా మోడర్ల చలవే. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

అయితే ఒకటి గమనించండి. 2023లో ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ నియమం వచ్చింది. మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు ఇంకొకరు వచ్చి బ్యాటింగ్ చేయవచ్చు, బౌలింగ్ చేయవచ్చు. క్రికెట్ 07లో చొక్కా మార్చినంత సులువుగా దీన్ని పెట్టడం కుదరదు. జట్టంటే పదకొండు మంది అన్న సంగతి బొమ్మల ఫోల్డర్‌లో లేదు, ప్రోగ్రాం లోపల ఉంది. డీఆర్‌ఎస్ సంగతీ అంతే. ముఖం మార్చడానికి ఒక సాయంత్రం చాలు. నియమం మార్చాలంటే ప్రోగ్రామునే కోయాలి, అది అందరికీ చేతకాదు.

కొబ్బరాకు (పాలకొల్లు)

పెద్దలు ఇద్దరూ మోడింగ్‌ను ‘పైన రంగు’ అనేస్తున్నారు. నాకు నచ్చలేదు. నేను బ్లెండర్ అనే ప్రోగ్రాంలో త్రీడీ మోడళ్లు చేసి బతుకుతున్నాను. ఆ పని నేర్పింది మోడింగే.

లివరీ గీయడంలో ఎంత పని ఉందో చూడండి. అదొక చదరపు బొమ్మ. అరటి డొప్ప విప్పి పరిచినట్టు బస్సు ఒళ్లంతా అందులో పరిచి ఉంటుంది. ఎడమ పక్క ఒక చోట, కుడి పక్క ఒక చోట, ముందు భాగం ఒక మూల, పైకప్పు ఇంకో మూల. ఎడమ పక్క గీసినదాన్నే కుడి పక్కకు కూడా వాడేలా మోడల్ చేసి ఉంటే, ఒకవైపు ‘రాజోలు’ సరిగ్గా వచ్చి రెండోవైపు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అప్పుడు మోడల్‌లోకి వెళ్లి ఆ రెండు పక్కలనూ విడదీయాలి. తమ్ముడి బస్సు మీద తెలుగు అక్షరాలు రెండు పక్కలా సరిగ్గా ఉన్నాయంటే వాడికి ఇది తెలుసన్నమాట. ఇంజిన్‌లో పని చేసేవాళ్లకు రేపు కావలసింది ఈ చెయ్యే.

ఇంకో సంగతి. మోడ్ చేసినవాడికి ఆడేవాళ్లు ముందే ఉంటారు. తమ్ముడి లివరీని కాలేజీ అంతా వాడింది. అదే గోడాట్‌లో నేర్చుకుంటూ ఒక చతురస్రాన్ని అటూ ఇటూ కదిపితే ఎవరు చూస్తారు? ఉత్సాహం నిలవాలంటే చూసేవాళ్లు కావాలండీ.

కాకినాడ_కాజా

కొబ్బరాకు గారూ, చెయ్యి తిరగడానికి మోడింగ్ మంచిదన్న మాట ఒప్పుకుంటాను. నేను చెప్పేది తమ్ముడు అడిగిన గేమ్ గురించే.

అన్ని గేమ్‌లూ మోడర్‌కు ఒకే తలుపు తెరవవు. 1993 డిసెంబరులో డూమ్ అనే కాల్పుల గేమ్ వచ్చినప్పుడు దాన్ని చేసినవాళ్లు మ్యాపులు, బొమ్మలు, శబ్దాలను వాడ్ అనే ఫైలులో విడిగా పెట్టారు. జనం సొంత మ్యాపులు గీసుకున్నారు, రాక్షసుల రూపాలు మార్చారు. రాక్షసుడు ఎంత వేగంగా నడవాలి, ఎన్ని దెబ్బలకు చావాలి అన్నవి మాత్రం ప్రోగ్రాంలో ఉండిపోయాయి. 1994లో డీహ్యాక్‌ఎడ్ అనే పనిముట్టు వచ్చాక కొందరు ప్రోగ్రాం ఫైలులోని అంకెలనే నేరుగా మార్చారు. ఆ అంకెలున్న మేరకే అది సాగింది.

1996లో అదే సంస్థ క్వేక్ తెచ్చింది. ఈసారి ఆట నడక మొత్తాన్ని క్వేక్‌సీ అనే చిన్న భాషలో రాసి, ఆ రాతను మోడర్ల చేతికి ఇచ్చేసింది. తుపాకీ దెబ్బకు ఎంత ప్రాణం పోవాలి, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి అన్నవి మార్చుకోవచ్చు. ఆ ఏడాదే టీమ్ ఫోర్ట్రెస్ పుట్టింది. ఒకరినొకరు కాల్చుకునే ఆట కాస్తా, ఒక్కొక్కరికి ఒక్కో పని ఉన్న జట్టు ఆటగా మారింది. అదీ మోడే, కానీ లివరీ వంటి మోడ్ కాదు. మూలగేమ్ చేసినవాళ్లు నియమాల తాళం ఎంతవరకు ఇచ్చారన్నదే ఇక్కడ ముఖ్యం. మోడింగ్ అన్న ఒక్క పేరు కింద ఇంత తేడా ఉంది కాబట్టే తమ్ముడి స్నేహితులు చెరో మాట చెబుతున్నారు.

తమ్ముడు వాడే బస్సు గేమ్‌లో ఇచ్చినవి రెండు: లివరీ ఒకటి, బస్సు మోడల్ ఇంకొకటి.

వైనతేయ_గట్టు (రాజోలు)

కాజా అన్నయ్యా, మీరు చెప్పినదాన్ని సరిగ్గా అదే గేమ్‌లో పరీక్షించాను. పంటు ఆకారాన్ని బ్లెండర్‌లో చేసి బస్సు మోడల్ బదులు పెట్టాను. చక్రాలు కనబడకుండా చేశాను. గేమ్ దాన్ని తీసుకుంది. పంటు బయలుదేరింది, కానీ రోడ్డు మీద! స్టీరింగ్ తిప్పితే బస్సులాగే మలుపు తిరిగింది. గేరు మారిన చప్పుడు వినబడింది. వేగ నియంత్రకాల దగ్గర ఎగిరింది. ఎక్కినవాళ్లు ఎక్కడ నిలబడ్డారో దానికి తెలియదు. నేను ఆటోను ఎడమ పక్కకు నెట్టడానికి అందులో వీలే లేదు.

ఓడిపోయేది ఎప్పుడన్నారు కదా. రేవు ర్యాంపుకు పంటు నేరుగా ఆనకపోతే బండ్లు దిగలేవు. అప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. ఈలోగా అవతలి రేవులో జనం పెరిగిపోతారు. పంటు మునగడం నాకు వద్దు. అలాంటి గేమ్ చేయాలని లేదు.

ధవళేశ్వరం_టీచర్

బాబూ, నీ చివరి రెండు మాటలు నాకు చాలా నచ్చాయి. మునగడాన్ని ఆటగా చేయకపోవడం మంచి నిర్ణయం.

నేను హైస్కూలు పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను. నా సలహా ఒకటే. పంటు కంటే ముందు లాకు చెయ్. కాలువల మీద లాకులు నువ్వు చూసే ఉంటావు. పైన నీటిమట్టం ఎక్కువ, కింద తక్కువ. మధ్యలో రెండు తలుపుల గది. కింది నుంచి పడవ వస్తే కింది తలుపు తెరిచి లోపలికి తీసుకుంటారు. ఆ తలుపు మూసి, పైనుంచి కొద్దికొద్దిగా నీరు వదులుతారు. గదిలో నీళ్లు పైమట్టానికి చేరాకే పై తలుపు తెరుచుకుంటుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఈ కాలువలకు నీళ్లు వచ్చాయి. అవి పంటకే కాదు, పడవలకూ దారి. ధాన్యం పడవలను మనుషులు గట్టు వెంట తాడుతో లాగుకుంటూ వెళ్లేవారు.

ఇందులో నియమం ఎంత స్పష్టంగా ఉందో చూడు. మూడు అంకెలు చాలు: పైమట్టం, కింది మట్టం, గదిలో మట్టం. ఏ తలుపైనా దానికి రెండు పక్కలా మట్టం సమమైనప్పుడే కదలాలి. ఇంత చిన్నది పూర్తి చేస్తే ఆట నియమాన్ని నీ చేత్తో రాయడం అంటే ఏమిటో తెలుస్తుంది. మా పిల్లలు దీన్ని స్క్రాచ్‌లో దిమ్మెలు పేర్చి చేశారు. స్క్రాచ్‌ను అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ వాళ్లు 2007లో పిల్లల కోసం తెచ్చారు. అదీ గేమ్ తయారీ పనిముట్టే.

ఇంకో మాట. తెలుగు అక్షరాల సంగతి ముందే చూసుకో. లివరీలో అక్షరం బొమ్మలో భాగం కాబట్టి నీకు ఇబ్బంది రాలేదు. ఇంజిన్‌లో మాటలను గేమ్ నడుస్తుండగా తెర మీద కూర్చాలి. యూనిటీలో అక్షరాలు చూపడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన ఒత్తులను, గుణింతాలను కలపదు. ‘స్త్రీ’ అని రాస్తే ముక్కలుగా విడిపోతుంది. 2023 మార్చిలో వచ్చిన గోడాట్ 4 నుంచి తెలుగు సరిగ్గా కూరుస్తోంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు గానీ మండలి ఫాంటు గానీ పెట్టుకుంటే ‘సఖినేటిపల్లి’, ‘ర్యాలి’, ‘అంతర్వేది’ చక్కగా వస్తాయి. మన ఊళ్ల పేర్లు మన లిపిలో కనబడని గేమ్ మన పిల్లలకు ఎందుకు?

తణుకు_వకీలు

ఎవరిది ఏది అన్న సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. తేడాలన్నింటిలో నాకు పెద్దదిగా కనబడేది అదే.

మోడ్ వేరొకరి గేమ్ మీద ఆధారపడి బతుకుతుంది. ఆ గేమ్ లేకుండా నీ మోడ్‌ను ఎవరూ ఆడలేరు. దాన్ని అమ్ముకోవచ్చా, ఎవరికి చెందుతుంది అన్నవి మూలగేమ్ ఒప్పందం చెబుతుంది. వార్‌క్రాఫ్ట్ 3 అనే గేమ్‌లో ఎడిటర్ (మ్యాపులు చేసుకునే పనిముట్టు) ఇచ్చారు. అందులో ఆటగాళ్లు చేసిన మ్యాపే డోటా. దాన్ని ఒకరి తర్వాత ఒకరు పెంచారు. చివరికి ఆ పేరు ఎవరిదన్న విషయంలో రెండు పెద్ద సంస్థల మధ్య వివాదం వచ్చి 2012లో రాజీ కుదిరింది. డోటా 2 ఒక సంస్థ సొంత ఇంజిన్ మీద 2013లో వచ్చింది. 2020లో వార్‌క్రాఫ్ట్ 3ని రీఫోర్జ్‌డ్ పేరుతో మళ్లీ తెచ్చినప్పుడు, ఆటగాళ్లు చేసే మ్యాపుల హక్కులు సంస్థకే చెందుతాయని ఒప్పందంలో రాసుకున్నారు. ఇలాంటి షరతులు చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేవారే ఎక్కువ.

ఇంజిన్ల ఒప్పందాలూ చదవాలి. అన్‌రియల్ అనే ఇంజిన్‌లో చేసిన గేమ్ ఆదాయం పది లక్షల డాలర్లు దాటాక, ఆపై మొత్తంలో 5 శాతం వాళ్లకు ఇవ్వాలి. యూనిటీ 2023 సెప్టెంబరులో గేమ్ ఎన్ని పరికరాల్లో ఎక్కిందన్న లెక్క మీద రుసుము వేస్తామంది. ప్రపంచవ్యాప్తంగా గేమ్ తయారీదారులు తిరగబడ్డారు. 2024 సెప్టెంబరులో ఆ రుసుమును పూర్తిగా రద్దు చేసింది. గోడాట్‌ది ఎంఐటీ అనుమతి, అంటే స్వేచ్ఛగా వాడుకోనిచ్చే లైసెన్సు. 2014లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ బయటపెట్టారు. ఆ అనుమతి పత్రాన్ని గేమ్‌తో పాటు జతచేయాలి, అంతే. నువ్వు చేసిన గేమ్ పూర్తిగా నీది.

బాబూ, నీకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. రవాణా సంస్థ చిహ్నాన్ని ఉచిత లివరీలో వాడితే ఎవరూ అడగకపోవచ్చు. అదే చిహ్నాన్ని డబ్బు తీసుకునే గేమ్‌లో పెట్టాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పంటుకు నీ సొంత పేరు, నీ సొంత రంగులు పెట్టుకో.

యానాం_రేవు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఫోన్‌లో ‘మోడ్ ఏపీకే’ అని దొరుకుతాయి కదా, నాణేలన్నీ ముందే నిండి ఉంటాయి. అదీ మోడింగేనా?

భీమవరం_పాతకాపు

కాదు బాబూ. అది వేరొకరి గేమ్‌ను విప్పి, డబ్బు కట్టే చోటు తీసేసి, మళ్లీ మూటకట్టి వదలడం. కష్టపడి చేసినవాడి నోటి దగ్గర కూడు లాక్కోవడమే. పైగా ఆ మూటలో ఇంకేమి పెట్టారో నీకు తెలియదు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో అలాంటివి ఎక్కించవద్దు. మేము మాట్లాడేది గేమ్ వాళ్లు తెరిచి ఉంచిన తలుపులోంచి వెళ్లి కొత్తది చేర్చే పని గురించి.

కొబ్బరాకు (పాలకొల్లు)

వకీలు గారు చెప్పినవి నిజమే. అయినా మోడ్‌ను తీసిపారేయలేం.

కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ అనే గేమ్‌కు మోడ్‌గా మొదలైంది. ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారు. దాన్ని జనం ఎంతగా ఆడారంటే మూలగేమ్ సంస్థ ఆ ఇద్దరినీ పిలిచి, 2000లో దాన్ని సొంతంగా విడుదల చేసింది. మన కుర్రాళ్లు రాత్రంతా ఆడిన పబ్‌జీ సంగతి చూడండి. దాని వెనుక ఉన్న బ్రెండన్ గ్రీన్ మొదట ఆర్మా గేమ్‌కు మోడ్‌గానే బ్యాటిల్ రాయల్ చేశాడు. చాలామంది ఒక దీవిలో దిగి చివరికి ఒక్కరే మిగలాలన్న ఆట జనానికి నచ్చుతుందో లేదో ఆయన తేల్చుకున్నది మోడ్‌తోనే. తుపాకీలు, మైదానం, పరిగెత్తే మనుషులు అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి ఆయన ఆ ఒక్క ఊహ మీదే పని చేయగలిగాడు. మొదటి రోజు నుంచి ఇంజిన్‌లో అవన్నీ కట్టుకుంటూ కూర్చుని ఉంటే ఆ ఊహ ఎప్పటికి బయటపడేది?

కాకినాడ_కాజా

మీరు తెచ్చిన ఉదాహరణే నా మాటనూ చెబుతోంది, కొబ్బరాకు గారూ. 2017లో పబ్‌జీని అన్‌రియల్ ఇంజిన్ మీద మళ్లీ మొదటి నుంచి కట్టారు. మోడ్‌గా ఉన్నంతకాలం దాని మంచిచెడ్డలు ఆర్మా చేతిలో ఉన్నాయి.

ఇంకొకటి గమనించండి. ఆర్మా సైనికుల గేమ్. బ్యాటిల్ రాయల్‌కు కావలసినవీ తుపాకీలు, పరుగు, దాక్కోవడమే. మూలం దగ్గరగా ఉంది కాబట్టి మోడ్ కుదిరింది. తమ్ముడికి కావలసింది నీటి మీద తేలే బరువు, ఏటి ప్రవాహం, పెరిగే వరుస. బస్సు గేమ్‌లో ఇందులో ఏదీ లేదు. తమ్ముడు బస్సు మార్గం గేమ్ అడిగి ఉంటే, ‘మోడ్ చెయ్, ఇంజిన్ జోలికి పోకు’ అని నేనే చెప్పేవాణ్ని. రావులపాలెం నుంచి అమలాపురం దాకా బస్సు నడపడానికి బస్సును మళ్లీ కనిపెట్టక్కర్లేదు.

మధ్యలో నిలబడేవీ ఉన్నాయి. రాబ్లాక్స్‌లో లూవా భాషతో నీ నియమాలు నువ్వు రాస్తావు, కానీ ఆ గేమ్ వాళ్ల వేదిక మీదే ఉంటుంది. వార్‌క్రాఫ్ట్ ఎడిటర్ కూడా అంతే, మోడ్ అనవచ్చు, పనిముట్టూ అనవచ్చు. అటువంటి చోట పేరు ఏదైనా, వాళ్ల సర్వరు ఆగితే నీ గేమ్ ఉంటుందా అని అడిగి చూసుకోవాలి.

భీమవరం_పాతకాపు

కంప్యూటర్ సంగతి కూడా చెప్పాలి. మన పిల్లల దగ్గర ఉండేవి పాత ల్యాప్‌టాప్‌లు. అన్‌రియల్ జోలికి వెళ్లవద్దు, తెరుచుకోవడానికే ఆయాసపడుతుంది. గోడాట్ చిన్నది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, దించుకుని తెరవడమే. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మ గీసే భాగం) దగ్గర ‘కంపాటిబిలిటీ’ ఎంచుకుంటే పాత గ్రాఫిక్స్ మీదా, చవక ఫోన్ల మీదా నడుస్తుంది. త్రీడీ వద్దు బాబూ, పైనుంచి చూసే టూడీతో మొదలుపెట్టు.

ఖర్చు దాచను. ప్లే స్టోర్‌లో గేమ్ పెట్టే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు గేమ్‌ను అందరికీ వదలకముందు 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలన్న నియమం కూడా ఉంది. నీ లివరీలు వాడే కాలేజీ స్నేహితులు ఇక్కడ పనికొస్తారు. కొబ్బరాకు చెప్పిన ‘ఆడేవాళ్లు ముందే ఉంటారు’ అన్న మాట ఇలా నీకు కలిసొస్తుంది.

వైనతేయ_గట్టు (రాజోలు)

అందరికీ కృతజ్ఞతలు. లివరీలు మానను, అవి అలాగే గీస్తాను. పంటుకు మాత్రం గోడాట్ ఎంచుకున్నాను. టీచర్ గారు చెప్పినట్టు ముందు లాకు చేశాను. రెండు తలుపులు, ఒక పడవ, పైన నీటిమట్టం చూపే కొలబద్ద. తెలుగు అంకెలు, అక్షరాలు చక్కగా వచ్చాయి.

ఒక చోట ఆగాను. నీరు వదిలే మీట నొక్కితే గదిలో మట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో పెరుగుతోంది. చూడటానికి నిజమైన లాకులా లేదు. ఇక్కడ ఏమి చేయాలి?

కాకినాడ_కాజా

మట్టానికి ప్రతి క్షణం ఒకే అంకె కలుపుతున్నావు కాబట్టి అలా వస్తోంది. నిజానికి నీరు దూకే వేగం రెండు మట్టాల మధ్య తేడా మీద ఆధారపడుతుంది. తేడా ఎక్కువుంటే ఉరుకుతుంది, తేడా తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. లెక్క కావాలంటే, ఆ తేడాకు వర్గమూలం తీసి ఒక స్థిరాంకంతో గుణించు. దాన్ని ఆ ఫ్రేముకు (తెర మీద ఒక్కో బొమ్మకు) పట్టిన సమయంతో కూడా గుణించి మట్టానికి కలుపు. సమయంతో గుణించడం మరచిపోతే వేగమైన ఫోన్‌లో లాకు త్వరగా నిండుతుంది, పాత ఫోన్‌లో ఆలస్యమవుతుంది. తేడా బాగా చిన్నదైనప్పుడు సమమైనట్టే లెక్కగట్టి తలుపుకు అనుమతి ఇవ్వు. లేకపోతే చివరి వెంట్రుకవాసి కోసం అటూ ఇటూ ఊగుతూ తలుపు ఎప్పటికీ తెరుచుకోదు.

ఇప్పుడు చెప్పు, ఈ అంకె మార్చడానికి నువ్వు ఎవరినైనా అడగవలసి వచ్చిందా?

వైనతేయ_గట్టు (రాజోలు)

లేదు అన్నయ్యా. వర్గమూలం పెట్టగానే మొదట ఉరికి, చివర్లో నెమ్మదించింది. స్థిరాంకాన్ని మార్చి చూస్తూ కూర్చున్నాను, సమయమే తెలియలేదు.

ఇక పంటుకు వస్తాను. ప్రవాహాన్ని ఎలా పెట్టాలి? ఎప్పుడూ ఒకే వైపు తోస్తే చాలా?

ధవళేశ్వరం_టీచర్

చాలదు బాబూ. నరసాపురం దగ్గర వశిష్ఠకు సముద్రం దగ్గర. పోటు వచ్చినప్పుడు నీరు ఎగువకు తోస్తుంది, పాటు సమయంలో దిగువకు లాగుతుంది. సుమారు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది. దాన్ని ఆటలో కొన్ని నిమిషాలకు కుదించు. పంటు నడిపేవారు రేవుకు ఎంత పైనుంచి తిప్పుకుంటారో, ఏ వేళలో ఎటు వాలుగా వెళతారో అడిగి రాసుకో. వాళ్లకు తెలిసినంత మరే పుస్తకంలోనూ దొరకదు.

వరదల కాలం కూడా పెట్టు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెలను ఆటలో వార్తగా వినిపించు. హెచ్చరిక వచ్చిన రోజు పంటు ఆపేసినవాడికి ఎక్కువ మార్కులు ఇవ్వు. నడపకపోవడం కూడా సరైన నిర్ణయమని చెప్పే గేమ్ నాకు ఇంతవరకూ కనబడలేదు. నువ్వు చేస్తే మా తరగతిలో మొదట ఆడించేది నేనే.

వైనతేయ_గట్టు (రాజోలు)

తప్పకుండా పెడతాను టీచర్ గారూ. పోటు, పాటుకు ఒక అంకె, వరదకు ఒక అంకె, రెండూ కలిపి తోపు లెక్కగడతాను. బండ్ల బరువుకు పంటును గళ్లుగా విభజించి, ఎడమ కుడి బరువుల తేడా చూస్తాను.

కొబ్బరాకు అన్నయ్యా, బస్సు గేమ్ కోసం చేసిన పంటు మోడల్ గోడాట్‌లోకి తెచ్చుకోవచ్చా, మళ్లీ చేయాలా?

కొబ్బరాకు (పాలకొల్లు)

మళ్లీ ఎందుకు? బ్లెండర్ నుంచి జీఎల్‌టీఎఫ్ అనే త్రీడీ ఫైలు రూపంలో బయటికి తియ్, గోడాట్ నేరుగా తీసుకుంటుంది. టూడీ గేమే కాబట్టి ఇంకా సులువు. మోడల్‌ను నేరుగా పైనుంచి చూసేలా కెమెరా పెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ బొమ్మలు తీసుకుంటే చాలు. కెమెరా ఆర్థోగ్రాఫిక్‌లో, అంటే దూరాన్ని బట్టి పరిమాణం మారని చూపులో, ఉండాలి. లేకపోతే పంటు అంచులు వంకరగా వచ్చి గళ్లకు సరిపోవు.

నీ మోడల్‌లో ర్యాంపు సరిగ్గా లేదు, పంటుకు అతుక్కుపోయి ఉంది. దాన్ని విడి భాగంగా చేస్తేనే పైకి, కిందికి కదులుతుంది. ఆ పని నాకు వదిలెయ్, పాలకొల్లు నుంచి నరసాపురం ఎంత దూరం! ఈలోగా నువ్వు సఖినేటిపల్లి వైపు నుంచి ఫొటోలు పంపు. పక్కనుంచి ఒకటి, ర్యాంపు దించినప్పుడు ఒకటి, ఎత్తినప్పుడు ఒకటి. కీళ్లు, గొలుసులు స్పష్టంగా కనబడాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు తీయవద్దు, నీడ పడి ఇనుము వివరాలు పోతాయి.